పాత కారులో కొత్తగా వినిపించే శబ్దాలు: విడిభాగాలు మార్చే ముందు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2014 నాటి చిన్న డీజిల్ కారు, 84 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల విశాఖలో కొని ఒడిశాలోని జయపురం తెచ్చుకున్నారు. గుంతల్లో పడితే ముందు ఎడమవైపు టకటక. వేగం 60 దాటితే కింది నుంచి గుయ్‌మని కూత. పొద్దున స్టార్ట్ చేయగానే నిమిషం పాటు కీచుమనే అరుపు. ఆగి ఉన్నప్పుడు ఏసీ వేస్తే స్టీరింగ్ దాకా వణుకు. సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేసరికి బ్రేకు మెత్తబడినట్టు అనిపించింది. మెకానిక్కు చూసి ముందు సస్పెన్షన్ మొత్తం మార్చాలి, 28 వేలు అవుతుంది అన్నాడు. మార్చమంటారా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. ఆ 28 వేలు జేబులోనే ఉంచుకోండి. టకటక, కూత, కీచు, వణుకు నాలుగూ ఒక వారం ఆగగలవు. బ్రేకు మాత్రం ఆగదు. మీరు దాన్ని చివర రాశారు, నేను దాన్నే ముందు తీసుకుంటున్నాను. అది సరిచూసుకునే దాకా ఆ కారులో పిల్లలను ఎక్కించుకుని ఘాట్ దిగకండి.

కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి పొట్టంగి, సుంకి మీదుగా మైదానంలోని సాలూరుకు దిగేటప్పుడు, ఇంజిన్ సాయం తీసుకోకపోతే, బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆ రాపిడంతా వేడిగా మారుతుంది. మెత్తబడింది అన్నారు కదా, ఎలా మెత్తబడిందో గుర్తు తెచ్చుకోండి. పెడల్ స్పాంజిని తొక్కినట్టు లోపలికి దిగిపోయిందా? లేక పెడల్ గట్టిగానే ఉన్నా ఎంత తొక్కినా బండి ఆగనంటున్నట్టు అనిపించిందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. పెడల్ దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు పుట్టాయని అనుమానించాలి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది, అందుకే పాదం కిందికి పోతుంది. పెడల్ గట్టిగా ఉండి పట్టు లేకపోతే ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కును పట్టి ఆపే ముక్కలు) మితిమీరి వేడెక్కాయి. అప్పుడు కాలిన వాసన కూడా వస్తుంది.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. మైదానంలో ఊరి లోపల తిరిగే బండికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు. పాత యజమానికి తెలిసి ఉండకపోవచ్చు కూడా. ఘాట్‌లో మొదటిసారే తెలుస్తుంది. రెండేళ్లకు ఒకసారి మార్చవలసిన ఆయిల్ ఇది. మార్చిన బిల్లు మీ చేతిలో లేకపోతే మార్చలేదనే అనుకోండి. డబ్బాలో ఉన్నది పైపైన తోడేసి కొత్తది పోస్తే సరిపోదు. నాలుగు చక్రాల దగ్గరా ఆయిల్ బయటకు వదిలే నిపుల్ విప్పి, పాతది పూర్తిగా పోయి తేటగా వచ్చే వరకు తీయించాలి. మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి అదే రకం పోయించండి.

దిగే పద్ధతి మాటకొస్తే, ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైందో దిగేటప్పుడూ అదే గేరు. బండి వేగాన్ని ఇంజిన్ పట్టుకోవాలి, బ్రేకు దానికి తోడు ఉండాలి. పెడల్ మీద పాదం ఆనించి కిలోమీటర్ల కొద్దీ దిగకండి. గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి, వదిలేసి చల్లారనివ్వండి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయడం, ఇంజిన్ ఆపేయడం ఈ దారిలో ఇప్పటికీ చూస్తుంటాను. చూసిన ప్రతిసారీ గుండె ఝల్లుమంటుంది. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లలో అయిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకులు వేడెక్కాయనిపిస్తే వెడల్పుగా ఉన్నచోట ఆపి, గేరులో వేసి, చక్రం కింద రాయి పెట్టి అరగంట వదిలేయండి. డిస్కుల మీద నీళ్లు మాత్రం పోయకండి, ఒంకర్లు పోతాయి.

ఇక శబ్దాలు. నేను పని నేర్చుకున్నది సాలూరులో, లారీల షెడ్డులో. ఆ ఊరు లారీలకు పెట్టింది పేరు అని మీకు తెలుసు. మా పెద్దమేస్త్రి దగ్గరకు డ్రైవర్ వచ్చి ‘గరగర మంటోంది’ అనో ‘కిర్రు మంటోంది’ అనో చెప్తే ఆయన వినేవాడు కాదు. ‘ఎప్పుడు?’ అని అడిగేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడా, క్లచ్ తొక్కినప్పుడా, ఖాళీ బండికా, లోడు బండికా? ఆ జవాబులు వచ్చే దాకా పానా చేతికి తీసుకునేవాడు కాదు. 26 ఏళ్లుగా కొరాపుట్‌లో సొంతంగా షెడ్డు నడుపుతూ నేను పట్టుకున్నది ఆ ఒక్క ప్రశ్ననే. మన ప్రాంతంలో దాని విలువ ఇంకా ఎక్కువ. మీరు తెలుగులో ‘టకటక’ అంటారు. మెకానిక్కు ఒడియాలోనో, ఇక్కడి వాడుక భాష దేశియాలోనో ఆలోచిస్తాడు, అతని చెవిలో ఆ మాటకు వేరే శబ్దం మోగుతుంది. ‘ఎడమ చక్రం గుంతలో పడినప్పుడు మాత్రమే, 20 వేగం లోపల’ అని చెప్పండి. అది ఏ భాషలోకి మారినా చెడదు.

కారులో కదిలేవి ప్రధానంగా మూడు. చక్రాలు తిరుగుతాయి, ఇంజిన్ తిరుగుతుంది, సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడుతుంది. వీటికి తోడు మీ చేతిలో స్టీరింగ్, కాలి కింద బ్రేకు, క్లచ్. శబ్దం వీటిలో దేని వెంట నడుస్తోందో తేలిస్తే సగం పని అయిపోయినట్టే. బండి నిలబడి ఉండి, ఇంజిన్ వేగం పెంచితే శబ్దం పెరిగిందా? అయితే చక్రాలకు, సస్పెన్షన్‌కు సంబంధం లేదు. క్లచ్ తొక్కగానే మొదలై వదలగానే ఆగిందా? క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్. దానికి తిరగబడి, న్యూట్రల్‌లో ఉండి క్లచ్ తొక్కితే ఆగిందా? గేర్‌బాక్స్ లోపలి బేరింగ్. ఇంత సూటిగా చెప్పగలిగే జబ్బులు కూడా రోగి సరిగా చెప్పక ముదిరిపోతాయి.

మీ టకటక దగ్గరకు వద్దాం. ముందు డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, పానా, స్టెప్నీ, నీళ్ల డబ్బా అన్నీ దింపండి. స్టెప్నీ బిగించే మర వదులైతే ఆ మోత ముందు నుంచి వస్తున్నట్టే వినిపిస్తుంది, మూసిన కారులో చెవి దిక్కు తప్పుతుంది. నంబరు ప్లేటు వేలితో తట్టి చూడండి. బంపరుకు కట్టిన నల్లతాడు, గవ్వల దండ గ్రిల్‌కు కొట్టుకుంటోందేమో చూడండి. రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి వచ్చిన బండి ఒకటి ఇలాంటి శబ్దంతోనే నా దగ్గరకు వచ్చింది. దండను గౌరవంగా తీసి అద్దం దగ్గర కట్టాం, శబ్దం పోయింది. ఇలా అన్నీ దింపాక అదే దారిలో, అదే వేగంతో మళ్లీ తిప్పండి.

ఇంకా వస్తే, గుంతల మీద వెళ్తూ బ్రేకు పెడల్ మీద పాదం తేలికగా ఆనించండి. బండి ఆగేంతగా కాదు, ప్యాడ్లు డిస్కును తాకేంతగా. టకటక ఆగిపోతే అది సస్పెన్షన్ కాదు, బ్రేక్ క్యాలిపర్, అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం. ఈ పరీక్షను నేను పోగొట్టుకున్న డబ్బుతో నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక మాస్టారి కారుకు ఇలాంటి శబ్దానికే సస్పెన్షన్‌లోని రెండు లింక్ రాడ్లూ మార్చాను. తగ్గలేదు. ఒక షాక్ అబ్జార్బర్ మార్చాను. తగ్గలేదు. మూడోసారి ఆయన వచ్చినప్పుడు నేను వెనక సీటులో కూర్చుని ఆయననే నడపమన్నాను. రైల్వే గేటు దగ్గర పట్టాల మీద టకటక మోగుతుండగా ఎదురుగా ఆవు వచ్చింది, ఆయన బ్రేకు మీద కాలు పెట్టారు, శబ్దం ఠక్కున ఆగింది. చక్రం విప్పితే క్యాలిపర్ జారే పిన్నుల్లో ఒకటి అరిగి వదులైంది, రెండోది గ్రీజు ఎండి బిగుసుకుంది. ఆయన దగ్గర తీసుకున్న కూలీ తిరిగి ఇచ్చేశాను. ఆ రోజు నుంచి చక్రం విప్పే ముందు పాదం ఆనించి చూడకుండా ఏ విడిభాగం పేరూ నోటితో చెప్పను.

మీ కారులో కూడా ఇదే అయ్యే అవకాశం ఉందని నా అనుమానం. ఎందుకంటే మీకు ముందు ఎడమ శబ్దమూ ఉంది, బ్రేకు వేడెక్కడమూ ఉంది. బిగుసుకున్న పిన్ను ప్యాడ్‌ను డిస్కు మీద నుంచి పూర్తిగా వదలనివ్వదు. చదునైన రోడ్డు మీద, బ్రేకు పెద్దగా వాడకుండా 15 కిలోమీటర్లు నడిపి ఆపండి. డిస్కును ముట్టుకోకుండా అరచేతిని ప్రతి చక్రం దగ్గరా ఒక జానెడు దూరంలో పెట్టండి. ముందు రెండు చక్రాల్లో ఎడమది కుడిదాని కంటే స్పష్టంగా వేడి కొడితే, మీ రెండు ఫిర్యాదులకూ కారణం ఒకే చోట ఉందన్నమాట. పిన్నులు తీసి తుడిచి, అరిగినది మార్చి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టించండి. మామూలు గ్రీజు అక్కడి రబ్బరును ఉబ్బిస్తుంది. చక్రం విప్పినప్పుడే ప్యాడ్ల మందం చూడండి. రాపిడి పొర 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే రెండు వైపులా మార్చేయడమే.

పాదం ఆనించినా శబ్దం ఆగకపోతే అప్పుడు లింక్ రాడ్. దీనికి చక్కని పరీక్ష ఉంది. స్పీడ్ బ్రేకర్ మీదకు ముందు రెండు చక్రాలూ సరిగ్గా ఒకేసారి ఎక్కేలా నెమ్మదిగా పోనివ్వండి. తరువాత ఒక పక్క చక్రం మాత్రమే గుంతలో దిగేలా పోనివ్వండి. రెండూ కలిసి ఎక్కినప్పుడు నిశ్శబ్దం, ఒక్కటే దిగినప్పుడు టకటక అంటే లింక్ రాడ్ కీలు అరిగింది. ఆ రాడ్ పని రెండు చక్రాల మధ్య తేడా వచ్చినప్పుడే మొదలవుతుంది. ఖరీదు కూడా తక్కువే, జతగా మార్చుకోండి. నిలబడిన బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ‘టంగ్’ మని స్ప్రింగు సర్దుకున్న చప్పుడు వస్తే షాక్ పైకొనను బాడీకి కలిపే స్ట్రట్ మౌంటింగ్. బ్రేకు వేసినప్పుడు ఒకటి, రివర్స్‌లో కదిలినప్పుడు ఒకటి, ఒంటిగా ‘ధడ్’ మంటే చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్ రబ్బరు బుష్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే వరసగా టక్ టక్ టక్ మంటే యాక్సిల్ జాయింట్. చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే దాని రబ్బరు బూటు చిరిగిందని అర్థం. షాకులు పోతే శబ్దం కంటే ముందు ఊగడం వస్తుంది. బంపరు నొక్కి వదిలితే బండి ఒకసారి లేచి నిలబడాలి, ఊయలలా ఆడకూడదు. ఇవన్నీ చెడితేనే ‘సస్పెన్షన్ మొత్తం’ అనే మాటకు అర్థం ఉంటుంది.

60 దాటితే వచ్చే కూతకు రెండే ముఖ్యమైన అనుమానాలు, టైరు లేదా చక్రం బేరింగ్. జయపురం నుంచి బొరిగుమ్మ వైపు చదునైన దారిలో, ముందూ వెనకా వాహనాలు లేనప్పుడు 70 వరకు వెళ్లి న్యూట్రల్ చేయండి (ఘాట్‌లో ఎన్నడూ ఈ పని చేయకండి). ఇంజిన్ శాంతించినా కూత అలాగే ఉండి వేగంతోపాటే తగ్గితే అది చక్రాలది. తరువాత విశాలమైన మలుపుల్లో చెవి పెట్టండి. కుడివైపు తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు కూత పెరిగితే ఎడమ బేరింగ్, ఎడమవైపు తిరిగేటప్పుడు పెరిగితే కుడి బేరింగ్. ఏ మలుపులోనూ మారకుండా, రోడ్డు మారినప్పుడు మాత్రం మారితే, అంటే నున్నటి తారు మీద ఒకలా, కంకర తేలిన చోట ఒకలా ఉంటే, టైర్లు. టైరు అంచు మీద అరచేతిని ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి నిమరండి. ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపపు పళ్లలా గీరుకుంటే కూత దానిదే. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చండి. కూత కూడా వెనక్కి పోతే ఇక సందేహం లేదు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. మీ నాలుగు టైర్ల అంకెలూ రాసుకోండి. అమ్మినవారు కొత్త టైర్లు అన్న మాట ఎంతవరకు నిజమో అక్కడే తెలుస్తుంది.

బేరింగ్‌ను చేత్తో పట్టుకునే ఉపాయం ఒకటి చెప్తాను. ఇంజిన్ ఆపి, మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి, అనుమానం ఉన్న చక్రాన్ని జాకీతో లేపి కింద స్టాండు పెట్టాలి. ఒక చేతి వేళ్లను సస్పెన్షన్ స్ప్రింగు మీద తేలికగా ఉంచి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పండి. మంచి బేరింగ్ అయితే స్ప్రింగులో ఏమీ తెలియదు. చెడ్డదైతే ఇసుక నలిగినట్టు సన్నని గరుకు వేళ్లకు తగులుతుంది. చెవికి వినిపించనిది కూడా స్ప్రింగు చెప్తుంది. రెండో పక్క చక్రం కూడా అలాగే తిప్పి పోల్చుకోండి, ఒక్కదాన్నే చూస్తే చేయి మోసపోతుంది.

పొద్దుటి కీచు శబ్దం గురించి ఎక్కువ భయపడకండి. చలికాలంలో మన దగ్గర మంచుకు బెల్టు తడిసి, చల్లబడి గట్టిపడుతుంది. స్టార్ట్ అయిన వెంటనే ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపడానికి గట్టిగా పనిచేస్తుంది, బెల్టు జారుతుంది. శబ్దం వస్తుండగా బెల్టు గాడులున్న వైపు నాలుగు చుక్కల నీళ్లు చిలకరించండి. అరుపు ఎక్కువైతే బిగువు చాలడం లేదు. ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైతే కప్పీల వరస తప్పింది. చేతులు, కండువా, వదులు చొక్కా బెల్టుకు దూరంగా ఉండాలి. ఏ కప్పీ అరుస్తోందో తేలకపోతే పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించి, మొనను ఆల్టర్నేటర్ ఒంటి మీద, కదలని చోట పెట్టండి. లోపల బేరింగ్ గరగర ఉంటే పుర్రెలో మోగుతుంది. బెల్టుకు సబ్బు, నూనె లాంటివి రాయమని ఎవరు చెప్పినా రాయకండి. బ్యాటరీ వోల్టేజి కూడా చూడండి. రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 దగ్గర, ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి.

ఏసీ వణుకు చాలా వరకు ఇంజిన్ మౌంటింగ్ రబ్బరుది. ఏసీ వేయగానే ఇంజిన్ మీద బరువు పడుతుంది, అరిగిన రబ్బరు ఆ ఊపును లోపలికి పంపుతుంది. ఇంజిన్ ఆపేటప్పుడు చివర్లో బండి ఒక్కసారి ‘గడక్’ మని ఊగితే అనుమానం బలపడినట్టే. మార్చే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, సైలెన్సర్ మీది వేడి రేకు వదులై దేనికైనా తగులుతోందేమో బండి చల్లగా ఉన్నప్పుడు తట్టి చూడండి.

మెకానిక్కును మార్చమని నేను చెప్పడం లేదు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, శబ్దం వచ్చే చోటికి మీరే నడిపి వినిపించండి. ఒకసారి ఒక్కటే మార్చమనండి, మార్చిన పాత విడిభాగం మీ చేతికి ఇమ్మనండి. ఒకేరోజు నాలుగు మారిస్తే ఏది నయం చేసిందో అతనికీ తెలియదు, మీకూ తెలియదు. చక్రం విప్పిన ప్రతిసారీ వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ బిగించి చూసుకోండి. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ ఊగుతూ ధబ్ ధబ్ మంటే అక్కడికక్కడే ఆపి నట్లు చూడాలి. బ్రేకు వేస్తే ఇనుము ఇనుముకు రాసుకున్న గరగర వచ్చినా, ఎర్రటి ఆయిల్ దీపం వెలిగినా కూడా ఇంటి దాకా పోదాం అనుకోకండి.

ఈ ఆదివారం ఈ మూడు పనులు చేయండి. డిక్కీ ఖాళీ చేసి గుంతల మీద పాదం ఆనించే పరీక్ష, 15 కిలోమీటర్ల తరువాత చక్రాల దగ్గర వేడి, బొరిగుమ్మ దారిలో న్యూట్రల్ పరీక్ష. టకటక ఆగిందా లేదా, ఏ చక్రం వేడిగా ఉంది, కూత ఏ మలుపులో పెరిగింది, టైర్ల మీద అంకెలు ఏమిటి అన్నది ఇక్కడే రాయండి. ఘాట్‌లో పెడల్ దిగిందా, గట్టిగా ఉందా అన్నది కూడా మరచిపోకండి. చదివి, ఏ చక్రం ముందు విప్పించాలో చెప్తాను.